ముఖం కనిపించగానే కథ తెలిసిపోతోందా? సీనియర్ నటులు, మూస పాత్రలు, ట్విస్టుల సంగతి

2025 జులై 13న కోట శ్రీనివాసరావు చనిపోయిన రోజు జనం ఆయన పాత సీన్లు వెతుక్కుని మరీ చూశారు. ఒకరికి గుర్తొచ్చింది ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారి. ఇంకొకరికి ‘ప్రతిఘటన’ (1985)లో తెలంగాణ యాసలో మాట్లాడే మంత్రి కాశయ్య. కాస్త తర్వాతి తరానికి ‘గణేష్’ (1998)లో గుండు మంత్రి, ఇంకా చిన్నవాళ్లకి ‘బొమ్మరిల్లు’ (2006)లో హాసిని వాళ్ల నాన్న. ఒకే మనిషిని తలుచుకుంటూ ఒక్కొక్కరు ఒక్కో మనిషి గురించి మాట్లాడుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంకో మాట కూడా గట్టిగా వినిపించింది. ఇప్పటి సినిమాల్లో పెద్ద వయసు నటులకి ఒక్కొక్కరికీ ఒక్కో పాత్ర రాసి పెట్టేశారనీ, తెరమీద ఫలానా ఆయన కనిపించగానే ఆయన చివరికి ఏం చేస్తాడో పక్కసీటు పిల్లాడు కూడా చెప్పేస్తున్నాడనీ. ‘కథ రొటీన్’ అన్న ఫిర్యాదు, ‘ఆయనకెప్పుడూ అదే పాత్ర’ అన్న ఫిర్యాదు మామూలుగా విడివిడిగా వినిపిస్తుంటాయి. ఈ రెంటికీ వేరు ఒకటే. అంతకన్నా తమాషా ఏమిటంటే, ప్రేక్షకుణ్ణి నిజంగా ఉలిక్కిపడేలా చేసిన తెలుగు ట్విస్టులు కొన్ని ఈ మూస పాత్రల పుణ్యాన పుట్టినవే.

ముందే ఒక హెచ్చరిక: ‘రంగస్థలం’, ‘గూఢచారి’, ‘దృశ్యం’ సినిమాల ముగింపులు ఈ వ్యాసంలో చెప్పేస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

‘రొటీన్’ అంటే అసలు ఏది?

రివ్యూల్లో ‘ప్రెడిక్టబుల్’, ‘రొటీన్’ అన్న మాటలు ఒకేలా వాడేస్తారు గానీ, వాటి కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి. కథ ముందే తెలిసి ఉండటం ఒకటి. ముగింపు ఎటు పోతుందో ఊహకు అందటం రెండోది. ఇప్పుడు నడుస్తున్న సీను తర్వాత వచ్చే సీను, అందులో డైలాగుతో సహా తెలిసిపోవటం మూడోది. జనానికి విసుగు పుట్టించేది ఎక్కువగా ఈ మూడోదే.

మొదటిదానితో మనకు ఎప్పుడూ పేచీ లేదు. శ్రీకృష్ణ రాయబారం చూడటానికి రాత్రంతా కూర్చున్న జనానికి సంధి కుదరదని తెలియదా? కృష్ణుడు వేసిన నటుడు పద్యం ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు లాగుతాడు అన్నదాని కోసమే వెళ్లేవాళ్లు. నచ్చితే వన్స్‌మోర్ కొట్టి అదే పద్యం మళ్లీ పాడించుకునేవాళ్లు. ఇంతకంటే ప్రెడిక్టబుల్ వినోదం ఇంకోటి ఉండదు. తెరమీద దీనికి మంచి సాక్ష్యం ‘మాయాబజార్’ (1957). శశిరేఖకీ అభిమన్యుడికీ పెళ్లవుతుందని టిక్కెట్టు కొనేటప్పుడే తెలుసు. కానీ ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు సావిత్రి చేసింది గుర్తు తెచ్చుకోండి. సుకుమారంగా నడుస్తున్న అమ్మాయి ఉన్నట్టుండి ఎస్వీ రంగారావులా భుజాలు విరుచుకుంటుంది, మగ నడక నడుస్తుంది, మళ్లీ అంతలోనే సిగ్గుపడుతుంది. కథలో ఏ మలుపూ లేదు. ఆశ్చర్యమంతా ఒక నటి ఒంట్లోంచి ఇంకో నటుడు బయటికి రావటంలో ఉంది.

రెండో రకంలో ఇంకో తేడా కూడా ఉంది. ప్రేక్షకుడికి తెలియని విషయం ఒక్కసారిగా బయటపెడితే ఉలికిపాటు వస్తుంది. కొంత చెప్పి, కొంత దాచి, ‘ఎప్పుడు దొరికిపోతారో’ అని కూర్చోబెడితే ఉత్కంఠ వస్తుంది. వెంకటేశ్ నటించిన ‘దృశ్యం’ (2014)లో హత్య ఎవరు చేశారో మనకు ముందే తెలుసు. శవం పూడ్చటం కూడా చూస్తాం. అయినా చివరిదాకా టెన్షన్‌తో కుర్చీ అంచున కూర్చున్నామంటే అది ఉత్కంఠ. శవం కొత్త పోలీస్ స్టేషన్ కిందే ఉందని చివర్లో తెలిసినప్పుడు కలిగేది ఉలికిపాటు. మంచి సినిమాలో రెండూ ఉండొచ్చు. ఉలికిపాటు ఒక్కదానిమీదే నడిచే సినిమాకి రెండోసారి చూసేవాళ్లు దొరకటం కష్టం.

ముగింపు ముందే తెలిస్తే ఆనందం పోతుందా అన్నదానిమీద పరిశోధనలు కూడా జరిగాయి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు సైకాలజిస్టులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 12 చిన్న కథలు చదివించి చూస్తే, ముగింపు ముందే చెప్పిన కథలనే పాఠకులు కాస్త ఎక్కువ ఇష్టపడ్డారని తేలింది. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో దీనికి వ్యతిరేకమైన ఫలితాలూ వచ్చాయి. కాబట్టి సైన్స్ తేల్చేసిందని ఏ పక్షమూ చెప్పుకోవడానికి లేదు.

ముద్ర ఎలా పడుతుంది?

ఒక నటుడు లేదా నటి ఒక పాత్రలో హిట్టయితే, అలాంటి పాత్రలే మళ్లీ మళ్లీ రావటాన్ని ఇంగ్లిషు మాట అరువు తెచ్చుకుని టైప్‌కాస్టింగ్ అంటున్నాం. పాతవాళ్లు ‘ముద్ర పడిపోయింది’ అనేవాళ్లు. ఎంత బలంగా పడగలదో చెప్పడానికి సూర్యకాంతం చాలు. గయ్యాళి అత్తగా ఆమె ఎంతగా నాటుకుపోయారంటే, తెలుగువాళ్లు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టటమే మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మామూలు జీవితంలో ఆమె చాలా మెత్తని మనిషి అనీ, షూటింగులకు ఇంటి నుంచి తినుబండారాలు తెచ్చి అందరికీ పెట్టేవారనీ తోటివాళ్లు చెప్పిన మాట కూడా అంతే ప్రసిద్ధం. ఆమెది ఎడమచేతి వాటం. ఆ ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, వేళ్లు తిరిగితే చాలు, డైలాగు రాకముందే హాల్లో నవ్వులు మొదలయ్యేవి.

ఆ చెయ్యి చేసిన పనేమిటో ఆలోచిస్తే టైప్‌కాస్టింగ్ ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. రెండున్నర గంటల సినిమాలో హీరోకి, హీరోయిన్‌కి, పాటలకి, ఫైట్లకి పోగా అత్త పాత్రకి మిగిలేది నాలుగైదు సీన్లు. ఈమె ఎలాంటి మనిషి, ఇంట్లో ఎవరితో ఎలా ఉంటుంది అని చూపించడానికి రచయిత దగ్గర నిమిషాలు లేవు. తెలిసిన ముఖాన్ని తెస్తే ఆ పరిచయం ప్రేక్షకుడి బుర్రలోనే తయారుగా ఉంటుంది. అంటే పది సినిమాల్లో చేసిన పని పదకొండో సినిమాకి ఉచితంగా వచ్చేస్తుంది. కథ వినిపించేటప్పుడే ‘ప్రకాశ్ రాజ్ టైపు ఫాదర్ అండీ’ అని ఒక్క ముక్కలో చెప్పేయటం కూడా అందుకే.

డబ్బు సంగతి కూడా ఉంది. క్యారెక్టర్ ఆర్టిస్టులకు చాలామందికి పారితోషికం రోజుల లెక్కన ఉండేది. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి ఖర్చుల గురించి కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఈ రోజువారీ చెల్లింపుల విషయం కూడా చర్చకొచ్చింది. రోజుకింత అని ఇచ్చే చోట, నలుగురు పెద్ద నటుల కాల్షీట్లు కలిసిన ఆ కాస్త సమయంలోనే కాంబినేషన్ సీన్లన్నీ లాగించేయాలి. అలాంటప్పుడు ‘ఈ తండ్రి పాత్రని ఈసారి కొత్తగా ఎలా చేద్దాం’ అని రిహార్సల్ వేసే ఓపిక ఎవరికుంటుంది? వచ్చిన రోజే, మొదటి టేకులోనే కుదిరిపోయే మనిషి కావాలి. ఆ పాత్ర పదిసార్లు చేసినవాడైతే కుదురుతుంది.

దీనికి నిండైన ఉదాహరణ ప్రకాశ్ రాజ్, జయసుధ జంట. ‘బొమ్మరిల్లు’ (2006), ‘కొత్త బంగారు లోకం’ (2008), ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ (2013), ‘శతమానం భవతి’ (2017). నాలుగింటిలోనూ వీళ్లే భార్యాభర్తలు, నాలుగూ నిర్మాత దిల్ రాజు తీసినవే. మొదటి రెండింట్లో కుర్రాడి అమ్మానాన్న, మూడోదాంట్లో ఇద్దరు పెద్ద కొడుకుల తల్లిదండ్రులు, నాలుగోదానికి తాతా నాయనమ్మ. పదకొండేళ్లలో ఒకే జంట మన కళ్ల ముందే ముసలివాళ్లయింది. దీన్ని మూస అని కొట్టిపారేయొచ్చు. కానీ ‘శతమానం భవతి’లో ఆ ఇద్దరి మధ్య పెద్ద వయసులో వచ్చే గొడవకి బరువు వచ్చింది పాత సినిమాల్లో వాళ్ల కాపురం చూసి ఉన్నందువల్లేనని నా అభిప్రాయం. ఆ సినిమా ఒక్కటే చూసినవాళ్లకి ఆ బరువు సగమే అందుతుంది.

ఒక హత్య, నలుగురు అనుమానితులు

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఒక కథ అనుకోండి. ఊరి పెద్ద హత్యకు గురయ్యాడు. అనుమానితులు నలుగురు: తమ్ముడు, కుటుంబ డాక్టరు, వంటమనిషి, ఎస్సై. హంతకుడు డాక్టరని రచయిత నిర్ణయించుకున్నాడు. కథలో ఒక్క అక్షరం మార్చకుండా, నటీనటుల్ని మాత్రం మార్చి చూద్దాం.

మొదట మామూలు పద్ధతి. తమ్ముడిగా ఎప్పుడూ విలన్‌గా చేసే నటుడు, డాక్టరుగా మంచి తండ్రి పాత్రలకు పేరున్న పెద్ద నటుడు, వంటమనిషిగా కమెడియన్, ఎస్సైగా కొత్త కుర్రాడు. ఇంటర్వెల్లో సమోసా తింటూ ప్రేక్షకుడు ఇలా లెక్క వేస్తాడు: ‘తమ్ముడు మరీ కళ్లెర్రజేస్తున్నాడు, వీడు కాదు. వంటమనిషిది కామెడీ ట్రాకు. ఎస్సై కొత్త కుర్రాడు, క్లైమాక్స్ మోయలేడు. మరి ఆ డాక్టరు? అంత పెద్ద ఆర్టిస్టుని రెండు సీన్లకి ఊరికే పెట్టుకోరు కదా!’ అయిపోయింది. కథలో ఒక్క ఆధారం కూడా బయటపెట్టకుండానే హంతకుడు దొరికిపోయాడు. పట్టించింది పోస్టరు మీద పేరు.

అయితే నలుగురినీ కొత్తవాళ్లనే పెడదాం. ఇప్పుడు ముఖాలనుంచి ఏ సమాచారమూ లేదు, ఎవరిమీదా అనుమానం రాదు. బాగానే ఉంది. కానీ చివర్లో డాక్టరే చేశాడని తెలిసినప్పుడు హాల్లో చప్పుడు ఉండదు. డాక్టరైతే ఏంటి, వంటమనిషైతే ఏంటి? ఎవరిమీదా నమ్మకం పెట్టుకోలేదు కాబట్టి మోసపోయిన భావనా లేదు.

మూడో దారి: డాక్టరుగా ఆ పెద్ద నటుణ్ణే పెట్టాలి, కానీ ‘ఈయన్ని ఎందుకు పెట్టారు’ అన్న ప్రశ్నకి ఇంటర్వెల్‌లోపే ఒక నమ్మదగ్గ జవాబు ఇచ్చెయ్యాలి. హీరోకి పెద్దదిక్కుగా, సొంత బాధలూ సొంత కథా ఉన్న మనిషిగా చూపించాలి. అప్పుడు ప్రేక్షకుడి లెక్క ‘ఓహో, ఇందుకా’ అని అక్కడితో ఆగిపోతుంది. పక్కనే విలన్ నటుణ్ణి తమ్ముడిగా అలాగే ఉంచాలి, అనుమానాలన్నీ తనమీదకు లాక్కోవడానికి. ఇద్దరి మూసలూ ఇక్కడ పనిచేస్తున్నాయి: ఒకరిది అనుమానాన్ని లాగటానికి, ఇంకొకరిది కప్పెట్టటానికి.

2018లో రెండు సినిమాలు, ఇద్దరు నటులు

ఈ మూడో దారిలో నడిచిన సినిమానే ‘రంగస్థలం’. 2018 మార్చిలో వచ్చింది. అప్పటికి జగపతిబాబు విలన్‌గా స్థిరపడిపోయారు. ప్రెసిడెంటు ఫణీంద్ర భూపతి ఊరిని ముప్పై ఏళ్లుగా గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. ఆయనకు ఎదురు నిలబడి పోటీ చేసిన కుమార్‌బాబు హత్యకు గురైతే, ప్రెసిడెంటే చేయించాడని తమ్ముడు చిట్టిబాబు అనుకుంటాడు, ఊరూ అనుకుంటుంది, మనమూ అనుకుంటాం. జగపతిబాబు ముఖం చూశాక వేరేలా అనుకోవడానికి కారణమే కనపడదు.

ప్రకాశ్ రాజ్ దక్షిణామూర్తిగా కనిపిస్తారు. కుమార్‌బాబుకి అండగా నిలిచిన రాజకీయ నాయకుడు. కుమార్‌బాబుని ప్రేమించిన అమ్మాయికి తండ్రి. సినిమా మొదట్లోనే ప్రమాదం జరిగి మంచాన పడతాడు, చిట్టిబాబు కన్నకొడుకులా సేవ చేస్తాడు. ప్రకాశ్ రాజ్‌ని ఎందుకు తీసుకున్నారు అన్న ప్రశ్నకి ఇక్కడే జవాబు దొరికేస్తుంది: మంచి మనిషి, ఆడపిల్ల తండ్రి, పెద్దాయన. ఎన్ని సినిమాల్లో చూశాం! చివరికి కులం తక్కువవాడు కూతుర్ని ప్రేమించాడని కుమార్‌బాబుని చంపించింది ఆ తండ్రేనని తెలుస్తుంది. ఆ సంగతి తెలిసే చిట్టిబాబు సేవ చేశాడనీ, స్పృహలోకి వచ్చాక తన చేతుల్లోనే చావాలనీ అంత కాలం ఆగాడనీ కూడా. ఆ చివరి పది నిమిషాల్లో మనల్ని దెబ్బకొట్టింది స్క్రీన్‌ప్లే ఒక్కటే అనలేం. ప్రేమగల తండ్రిగా ప్రకాశ్ రాజ్ మీద ఏళ్లుగా పోగేసుకున్న నమ్మకం కూడా కొట్టింది. కథ చెప్పదలచుకున్నదీ అదే: కూతురిమీద ప్రేమ ఉన్న తండ్రే, పరువు దగ్గరికొచ్చేసరికి ఎక్కడిదాకా వెళ్తాడో. ట్విస్టుకీ విషయానికీ ఇంత బాగా ముడిపడిన కాస్టింగ్ నాకు తెలిసి తెలుగులో అరుదు.

అదే ఏడాది ఆగస్టులో ‘గూఢచారి’ వచ్చింది. అందులోనూ ఈ ఇద్దరే ఉన్నారు, కానీ లెక్క తిరగబడింది. తండ్రిని పోగొట్టుకున్న హీరోని పెంచి పెద్దచేసిన సత్యగా ప్రకాశ్ రాజ్. ఈయన నిజంగానే మంచివాడు, ఆ మంచితనంతోనే చనిపోతాడు కూడా. దేశం కోసం ప్రాణాలిచ్చాడని హీరో నమ్మిన కన్నతండ్రి బతికే ఉన్నాడనీ, ఉగ్రవాద ముఠాకి నాయకుడు అతనేననీ తెలిసే చోట కనిపించే ముఖం జగపతిబాబుది. ఇక్కడ ఆయన ముఖం ఆలస్యంగా, సరైన సమయంలో వస్తుంది. మొదటి నుంచీ తెరమీద తిరుగుతూ ఉంటే ఈ రహస్యం నిలిచేది కాదు. విలన్‌గా పడిన ముద్ర ఆ రహస్యాన్ని ముందే కక్కేసేది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేటతెల్లం. మూస అన్నది ప్రేక్షకుడి దగ్గరున్న సమాచారం. దాన్ని ఎప్పుడు చూపించాలి, ఎప్పుడు దాచాలి, ఎప్పుడు తప్పుదారి పట్టించడానికి వాడాలి అన్నది దర్శకుడి చేతిలో ఉంటుంది.

ట్విస్టు ఎంత త్వరగా మూసైపోతుంది?

చాలా త్వరగా. జగపతిబాబు సంగతే చూడండి. ఏళ్ల తరబడి ఫ్యామిలీ సినిమాల హీరో. 2014లో ‘లెజెండ్’లో విలన్‌గా వచ్చినప్పుడు అది నిజమైన షాకు. నాలుగేళ్లు తిరిగేసరికి, పైన చెప్పినట్టు, ఆయన ముఖం కనిపిస్తే విలన్ అనుకోవటమే సహజమైపోయింది. మధ్యలో ‘శ్రీమంతుడు’ (2015)లో మంచి తండ్రిగా చేశారు గనక పూర్తిగా బిగుసుకుపోలేదు.

సునీల్‌ది ఇంకా తమాషా ప్రయాణం. ‘నువ్వు నాకు నచ్చావ్’ (2001) బంతి నుంచి ‘మర్యాద రామన్న’ (2010) హీరో దాకా వచ్చి, ‘కలర్ ఫొటో’ (2020)లో చెల్లెలి ప్రేమను నలిపేసే పోలీసు రామరాజుగా భయపెట్టారు. మరుసటి ఏడాదే ‘పుష్ప’లో మంగళం శ్రీను. అంతే, ఇప్పుడు సునీల్ పేరు వింటే కామెడీ కన్నా విలనీయే ముందు తట్టే కుర్రకారు ఉన్నారు. ‘రంగమార్తాండ’ (2023)లో బ్రహ్మానందం ఏడిపించినప్పుడు కూడా హాల్లో ఆశ్చర్యం కనిపించింది. ఆయన ఇంకో మూడు సినిమాల్లో అలాగే చేస్తే ఆ ఆశ్చర్యం ఉంటుందా అంటే అనుమానమే.

పగలగొట్టకుండా మెలితిప్పటం

మూసని బద్దలుకొట్టటం ఒక్కటే దారి కాదు. 1962లోనే ‘గుండమ్మ కథ’ ఇంకో దారి చూపించింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాకి సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారంటేనే ఆ ముద్రకి ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది. సవతి కూతుర్ని పనిమనిషిలా చూసే గుండమ్మగా ఆమె చేసిందంతా మనం ఊహించిందే. ఊహించనిది సినిమా చివరికొచ్చేసరికి జరుగుతుంది. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంట్లో దిగి, గుండమ్మ ఇతరులకు పెట్టిన బాధలన్నీ గుండమ్మకే పెడుతుంది. ఇద్దరూ గయ్యాళి పాత్రలకు పేరుపడ్డ నటీమణులే. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టేసరికి, అంతదాకా తిట్టుకున్న గుండమ్మ మీదే జాలి పుడుతుంది. సూర్యకాంతం స్వభావం మారలేదు, ఆమె చుట్టూ పరిస్థితి మారిందంతే.

ఇదే పని నవ్వుల్లో చేసింది ‘సామజవరగమన’ (2023). తండ్రి పాత్రల్లో ఈమధ్య నరేశ్ బాగా కనిపిస్తున్నారు కదా. ఇందులో ఆయన డిగ్రీ పాసవ్వాలి, లేకపోతే ఆస్తి రాదు. కొడుకు పక్కన కూర్చోబెట్టి చదివిస్తాడు, ఫెయిలైతే చీవాట్లు పెడతాడు. తండ్రి చెప్పాల్సిన డైలాగులన్నీ కొడుకు నోట వస్తుంటే నవ్వు ఆగదు. కథ ఎక్కడికి పోతుందో మొదటి అరగంటలో తెలిసిపోయినా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

‘ఆ నలుగురు’ (2004)లో మళ్లీ కోట దగ్గరికే వస్తాం. వడ్డీ వ్యాపారి, పిసినారి, పేరు కోటయ్య. పదిహేడేళ్ల కిందటి కోడి సీను గుర్తున్న ప్రేక్షకుడికి ఆయన్ని కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. చనిపోయిన పెద్దమనిషి విలువ కన్నకొడుకులకన్నా ఎక్కువగా ఆ పిసినారికే తెలుసని చూపించినప్పుడు గొంతు పట్టేస్తుంది. డబ్బు తప్ప ఏదీ పట్టని మనిషన్న ముద్ర ముందే లేకపోతే ఆ సీను అంత పట్టుకోదు.

ఎవరి వాదన వాళ్లది

నటుల వైపు నుంచి చూస్తే ముద్ర రెండువైపులా పదునున్న వ్యవహారం. ఏడాది పొడవునా పని దొరుకుతుంది, ఇల్లు గడుస్తుంది. కైకాల సత్యనారాయణని ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘యమలీల’ (1994) మూడింటిలోనూ యముడిగా చూసి మూడుసార్లూ ఆనందించాం. ఇంకో నటుణ్ణి ఆ కిరీటంలో ఊహించుకోలేకపోవటం ఆయన గెలుపు. కానీ ఏళ్ల తరబడి ఒకే రకం పాత్ర చేసిన మనిషికి లోపల ఇంకేం ఉందో ఎవరూ అడగకపోవటం నిజమైన నష్టం. ఆ నష్టాన్ని కొలిచే దారి కూడా లేదు, తీయని సినిమాలు ఎవరూ చూడలేరు కాబట్టి.

నిర్మాతలు, దర్శకులు చెప్పేది కూడా కొట్టిపారేయలేం. హీరో మార్కెట్ మీద కోట్లు పెట్టినప్పుడు, తండ్రి పాత్ర దగ్గర ప్రయోగం చేసి అది తేడా కొడితే సినిమా మొత్తం కుంటుతుంది. జనం కూడా అమాయకులు కాదు. మార్పు కావాలని అడిగేవాళ్లే, ఇష్టమైన కమెడియన్ సీరియస్‌గా కనిపిస్తే ‘ఈయన నవ్విస్తేనే బాగుంటుంది’ అని గొణుగుతారు.

పరాయి రాష్ట్రాల విలన్ల గొడవ కూడా ఇక్కడ కలుస్తుంది. మనవాళ్లకి అవకాశాలు ఇవ్వకుండా బయటి నటుల్ని తెస్తున్నారని కోట బహిరంగంగానే విమర్శించేవారు. దానికి అవతలి జవాబు: తెలిసిన ముఖాలతో ఊహ తెలిసిపోతోంది, కొత్త ముఖమైతే భయం పుడుతుంది. ‘అరుంధతి’ (2009) పశుపతిగా సోనూ సూద్‌ని చూసి జడుసుకున్నవాళ్లు ఆ జవాబుని కొంత ఒప్పుకుంటారు. అయితే తర్వాత్తర్వాత తెలియని ఉత్తరాది ముఖం కండలతో కనపడితే చాలు విలనే అన్న కొత్త మూస తయారైంది. ఇక సోనూ సూద్‌కైతే సినిమాకి సంబంధం లేని చోట ముద్ర మారింది. 2020 లాక్‌డౌన్‌లో వలస కార్మికులను ఇళ్లకు చేర్చాక, తెరమీద తనను కొట్టడానికి హీరోలే మొహమాటపడుతున్నారని ఆయనే చెప్పుకొచ్చారు.

ఇంకో చిక్కుముడి: మూస భాషని బట్టి మారుతుంది. ‘వాంటెడ్’ (2009), ‘సింగం’ (2011) చూసిన హిందీ ప్రేక్షకుడికి ప్రకాశ్ రాజ్ అంటే విలన్. మన దగ్గర ఆయన ‘ఒక్కడు’ (2003) ఓబుల్ రెడ్డి, ‘బొమ్మరిల్లు’ నాన్న, రెండూను. ‘రంగస్థలం’ డబ్బింగ్‌లో చూసిన ఉత్తరాది ప్రేక్షకుడు దక్షిణామూర్తిని మొదటి సీనులోనే అనుమానించి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. ఒకే సినిమాను ఐదు భాషల్లో ఒకే రోజు విడుదల చేస్తున్నప్పుడు కాస్టింగ్‌తో ట్విస్టు దాచటం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఆడవాళ్ల దగ్గర లెక్క వేరు

పైన చెప్పిందంతా ఎక్కువగా మగ నటుల గురించే. వాళ్లకు వయసు పెరిగితే తండ్రి, విలన్, రాజకీయ నాయకుడు, పోలీసు అధికారి, లాయరు, యముడు ఉన్నాయి. ఒకదాన్ని చూపించి ఇంకోదానితో దెబ్బకొట్టడానికి అన్ని అచ్చులు చేతిలో ఉంటాయి. ఆడవాళ్లకి అమ్మ, అత్త, నాయనమ్మ. ‘స్వర్గం నరకం’ (1975)లో మోహన్‌బాబుతో పాటు కథానాయికగా వచ్చిన అన్నపూర్ణ తర్వాత దశాబ్దాలపాటు ఎంతమందికి అమ్మయ్యారో లెక్కపెట్టడం కష్టం. అదే సినిమాతో వచ్చిన మోహన్‌బాబు విలనై, ఆ తర్వాత హీరోయై, ‘పెదరాయుడు’ (1995) అయ్యారు.

తల్లి పాత్ర వేసే నటి హంతకురాలని చివర్లో తేలే తెలుగు సినిమా ఎప్పుడైనా చూశారా అని నలుగురిని అడిగి చూడండి. తడుముకుంటారు. తల్లి పాత్రమీద అనుమానమే రాదు కాబట్టి ట్విస్టుకి అంతకన్నా అనువైన చోటు లేదు. అయినా రచయితలు అటువైపు పోవటం తక్కువ. ‘నరసింహ’ (1999)లో నీలాంబరిగా పగతో రగిలిన రమ్యకృష్ణని ‘బాహుబలి’ (2015)లో శివగామిగా తెచ్చినప్పుడు మాత్రం ఆ పాత పొగరు రాజమాత సింహాసనానికి అచ్చంగా సరిపోయింది. రెండో భాగంలో శివగామి తన పెంపుడు కొడుకు మీద తప్పుడు తీర్పు ఇస్తుంటే మనం నమ్మటానికి ఒక కారణం, ఆ కళ్లలో నీలాంబరి మొండితనాన్ని ముందే చూసి ఉండటం.